పెట్టె వెనక స్విచ్

దమ్ముంటే ఇది నమ్మండి. అనకాపల్లి బెల్లం మార్కెట్లో సన్యాసిరావు గారి కొట్టు ఉంది కదా, దాని పైన మేడ గదిలో ఒకావిడ కూర్చుని, ఎక్కడెక్కడి ఊళ్ళ నించో జనం పంపే పాటల్ని ఆఖరిసారి విని, ఎగుడుదిగుళ్ళు సరిచేసి లోకంలోకి వదుల్తుంది. పేరు నూకరత్నం, వయసు నలభై ఆరు. ఆవిడ దగ్గర మెహర్ అనే కుర్రాడు శిష్యరికం చేస్తూ ఒకరోజు ఒక ప్రశ్న అడిగాడు. ఆవిడ జవాబు చెప్పలేదు, పని చెప్పింది. ఆ పని అయ్యేసరికి వాడి జవాబు వాడికి దొరికింది, పాపం పరువు కూడా కొంచెం పోయింది. మీరు నమ్మకపోయినా నాకేం ఫర్వాలేదు, కింద సన్యాసిరావు గారే ఇంతవరకూ నమ్మలేదు. పైన ఆవిడ రేడియోలు బాగుచేస్తుందని ఆయన లెక్క. ఏడాదికోసారి పాడైన మిక్సీ చంకన పెట్టుకుని మెట్లెక్కుతారు. ఆవిడ కూడా కాదు అనదు, మిక్సీ విప్పి బాగుచేసి ఇచ్చేస్తుంది.

ఈ పనిని మాస్టరింగ్ అంటారు. పాట కట్టేవాళ్ళు కట్టి, పాడేవాళ్ళు పాడి, అన్నీ ఒక చోట కలిపేశాక, ఆ పాటతో ఏ బంధుత్వమూ లేని ఒక మనిషి కూర్చుని వినాలి. ఇయర్‌ఫోన్‌లో ఉన్నట్టే షేర్ ఆటోలోనూ ఉంటుందా, పెళ్ళి ఊరేగింపు స్పీకర్ పెట్టెల్లోనూ నిలబడుతుందా చూడాలి. ఎక్కువైంది కాస్త దించాలి, తక్కువైంది కాస్త ఎత్తాలి. బాగా చేస్తే ఎవరికీ ఏమీ తెలీదు. చెడగొడితే మాత్రం ఊరందరికీ తెలుస్తుంది. నూకరత్నం సొంతంగా కూడా ఎలక్ట్రానిక్ పాటలు కడుతుంది. వాటిల్లో మాటలుండవు. చెరుకు గానుగ మోతో, రేకు మీద వానో, ఏదో ఒకటి డప్పులా మోగుతూంటుంది. వెనక ఏ కంపెనీ లేదు, ముందు ఏ మేనేజరూ లేడు. పాటలు కట్టడం ఆవిడ ప్రాణం, పరాయి పాటలు సరిచెయ్యడం ఆ ప్రాణానికి కూడు.

గది చూస్తే మీరు నవ్వుతారు. గోడలకి అద్దాలూ ఫోములూ ఏమీ ఉండవు, బూరుగు దూది కుక్కిన గోనె సంచులుంటాయి వరసగా. సౌండు గోడకి తగిలి తిరిగి రాకుండా అన్నమాట. స్పీకర్ల స్టాండ్ల కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలుంటాయి, ఎందుకంటే కింద అంతా బెల్లం, మేడంతా చీమలు. గిన్నెలు ఎండిపోయాయంటే మర్నాటికి స్పీకర్ లోపల చీమల పెళ్ళి జరుగుతుంది. పొద్దున పూట లారీలు వచ్చి బెల్లం దిమ్మలు దింపుతూంటే నేల సన్నగా వణుకుతుంది, అందుకని మార్కెట్ సద్దుమణిగాక మధ్యాహ్నం ఒంటిగంట నించి సాయంత్రం దాకానే ఆవిడ వింటుంది. వినేటప్పుడు కంప్యూటర్ తెర మీద తువ్వాలు కప్పేస్తుంది. పాటని సరిచేసే పెట్టెల మీద వెలిగే లైట్లన్నిటికీ నల్ల టేపు అంటించేసింది. లైటు వెలిగితే కన్ను ముందు వింటుంది, చెవికి ఎంగిలి పెడుతుంది, అని ఆవిడ లెక్క.

ఆ పెట్టెల్లో ముఖ్యమైంది ఒకటుంది. ఆవిడే చేత్తో చేసుకుంది. ముందు, తిప్పడానికి చుట్టూ గీతలున్న ఆరు నాబ్‌లు, ఒక్కో నాబ్ పాటలో ఒక్కో పొరని ఎత్తుతుంది, దించుతుంది. వెనకాల, చేతికి తప్ప కంటికి అందని చోట, ఒక స్విచ్. కిందికి ఉంటే పాట పెట్టె లోపల్నించి వెళ్తుంది. పైకి ఉంటే పెట్టెని ముట్టుకోకుండా పక్కనించి వెళ్ళిపోతుంది, అప్పుడు ఎన్ని నాబ్‌లు తిప్పినా పాటకి ఏమీ కాదు. ఇప్పుడు ఆవిడ అలవాటు వినండి. ఒక పాట పూర్తయిందనుకున్నాక కళ్ళు మూసుకుని, చెయ్యి పెట్టె వెనక్కి పోనిచ్చి, ఆ స్విచ్‌ని టకటకా ఇరవై సార్ల దాకా, లెక్కపెట్టకుండా కొడుతుంది. ఎటు ఆగిందో తనకే తెలియకుండా చేసుకుంటుంది. అప్పుడు వింటూ, మళ్ళీ కొడుతూ, మళ్ళీ వింటూ, ఏది బాగుందో తేల్చుకుంటుంది. తేల్చుకున్నాకే స్విచ్ ఎటుందో వేలితో తడిమి చూస్తుంది, పని అయ్యాక మళ్ళీ టకటకా కొట్టి అలాగే వదిలేస్తుంది. చాలాసార్లు తను చేసిన పని కంటే చెయ్యకముందు పాటే బాగుందని తేలుతుంది. అలా తేలిన రోజున ఆవిడ ఏమాత్రం బాధపడదు, నాబ్‌లన్నీ సున్నాకి తిప్పేసి, పాట పంపినవాళ్ళకి ఫోన్ చేసి, మీ పాట బాగానే ఉందండీ, దీనికి నా అవసరం లేదు అని చెప్పేస్తుంది. చెప్పండి, ఎవరైనా చేస్తారా అలాగ?

మెహర్‌ది యలమంచిలి. ఇరవై మూడేళ్ళు, ఇంజనీరింగ్ అయిపోయింది, గదిలో తలుపేసుకుని బీట్లు కట్టుకునే రకం. రోజూ ప్యాసింజర్ ఎక్కి వచ్చేవాడు. అసలు ఎందుకొచ్చాడంటే, ఒకప్పుడు తన పాట ఒకటి ఆవిడకి పంపాడు. తిరిగొచ్చాక విని, వీడు అరగంట సేపు మంచం మీంచి లేవలేదంట. తన పాటే, ఒక్క మోత కూడా మారలేదు, కానీ ఎవరో కిటికీ తీసినట్టుంది. ఏం చేసిందో వెతికాడు, దొరకలేదు. ఇంక అంతే, బ్యాగు తగిలించుకుని అనకాపల్లి వచ్చేశాడు. పదకొండు నెలలు పక్కన కూర్చుని విన్నాడు, పాటలొచ్చిన ఊళ్ళవాళ్ళకి జవాబులు రాశాడు, గిన్నెల్లో నీళ్ళు పోశాడు. ఆవిడ చెయ్యి పెట్టె వెనక్కి వెళ్ళి టకటకలాడినప్పుడల్లా వాడికి లోపల నవ్వొచ్చేది. పెద్దావిడ అలవాటు, మనకెందుకులే, మన చెవులు కుర్ర చెవులు, అనుకునేవాడు.

ఇంట్లో మాత్రం గడియారం కొట్టుకుంటోంది. వాళ్ళ నాన్న రైల్వేలో ట్రాక్ మీద పనిచేస్తారు. చెడ్డ మనిషి కాదు, కానీ కొడుకు పొద్దున్నే వెళ్ళి సాయంత్రం వచ్చి ఏం చేసొచ్చావంటే విన్నాను అంటున్నాడు. ఎన్నాళ్ళని ఊరుకుంటారు? దసరా లోపల ఎక్కడైనా, ఏదో ఒక దాని మీద నీ పేరు అచ్చయి కనపడాలి, లేదంటే విశాఖపట్నంలో బ్యాంకు కోచింగ్, అని తేల్చి చెప్పేశారు. దసరాకి ఇంకా మూడు వారాలుంది. అందుకే ఒక మధ్యాహ్నం, తువ్వాలు కప్పిన తెర ముందు కూర్చుని, మెహర్ అడిగేశాడు.

“అక్కా, నా చెవి తయారైందని నాకెలా తెలుస్తుంది?”

నూకరత్నం అప్పుడే ఒక పాట ముగించి, ఎప్పట్లాగే స్విచ్ టకటకలాడించి, విని, తేల్చుకుని, పంపేసింది. వీడి వైపు చూసింది. పెట్టె మీద చెయ్యేసి కాసేపు ఊరుకుంది. తర్వాత టెక్కలి నించి ఢిల్లీశ్వరి అని ఒకమ్మాయి పంపిన పాట ఫైలు వీడి ముందుకి తోసి, ఇది నీది అంది. నాలుగు రోజులు గడువు, నాను ఈ గదిలోకి రాను, నీకేటి తోస్తే అదే చెయ్యి, నచ్చాక పంపేయ్, నన్నడక్కు. ఆల్బమ్ అట్ట మీద మాస్టరింగ్ అన్న చోట నీ పేరే ఎయ్యమని ఆ పిల్లకి చెప్పేసినాను. అంతే, డాబా పైకి వెళ్ళిపోయింది, తన సొంత పాటేదో సగంలో ఉందంట. ప్రశ్నకి జవాబు రాలేదని మెహర్‌కి ఆ క్షణం గుర్తే లేదు. అట్ట మీద పేరు అన్న దగ్గరే వాడి చెవి ఆగిపోయింది.

ఢిల్లీశ్వరి టెక్కలి ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ అయ్యాక ఫోన్లో రికార్డు చేసుకున్న వార్డు సౌండ్లతో పాటలు కడుతుంది. ఈ పాట పేరు ట్రాలీ. మందులు మోసుకెళ్ళే ట్రాలీకి ఒక చక్రం కీచుమంటుంది చూశారా, ఆ కీచునే తీసుకుని, సాగదీసి, దాని కింద బరువుగా నడిచే డప్పు పెట్టి, అయిదు నిమిషాల పాట చేసింది. మూడు పాటల చిన్న ఆల్బమ్, తనే శుక్రవారం విడుదల పెట్టుకుంది, గురువారం సాయంత్రానికి అట్ట అచ్చుకి వెళ్ళాలి.

మొదటిరోజు మెహర్ తువ్వాలు కప్పాడు, కుర్చీ సర్దుకున్నాడు, విన్నాడు. పదోసారికి వాడికి ఒకటి తోచింది, పాట మధ్యలో బురదలా ఏదో ఉంది. మూడో నాబ్ ఎడమకి కొంచెం తిప్పాడు. బురద విడిపోయింది. ఆవిడ నేర్పిన నియమం ప్రకారం సౌండు పెరగలేదని కూడా చూసుకున్నాడు, ఎందుకంటే కాస్త గట్టిగా వినపడిందల్లా బాగుందనే అంటుంది చెవి, దాని బుద్ధి అంతే. సౌండు సమానంగానే ఉంది, అయినా పాట తేటపడింది. ఇంక ఆ స్విచ్ టకటకలు దేనికి? తిప్పడం, వెనక్కి తిప్పడం, మళ్ళీ తిప్పడం, మూడుసార్లు చూసుకున్నాడు, తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తోంది. నోటుబుక్కులో పెన్సిల్‌తో రాసుకున్నాడు, మూడో నాబ్ ఎడమకి గీతన్నర అని. తర్వాత అయిదోది కుడికి ఒక గీత, చక్రం కీచు కాస్త మెరవాలని. మెరిసింది.

రెండో రోజు మధ్యాహ్నం, అప్పటిదాకా చేసింది ఢిల్లీశ్వరికి పంపాడు, ఎలా ఉందో చెప్పమని. ఆమె గంటలో ఫోన్ చేసింది. ఆకాశంలో మబ్బు విడిపోయినట్టుంది బాబూ, అంది. తన పాటలో తనకే ఇంతవరకూ వినపడని అడుగులు వినపడుతున్నాయంది. డ్యూటీలో ఉన్న నర్సులందరికీ వినిపించిందంట, వాళ్ళూ అదే మాట అన్నారంట. ఏటి మంత్రమేశావు అని అడిగింది. మెహర్ గొంతు కొంచెం బరువు చేసి, పెద్దగా ఏం లేదండీ, మధ్యలో ఉన్న బురద తీశానంతే అన్నాడు. ఆ అంతే అన్న మాటని వాడు సాయంత్రం ప్యాసింజర్లో మూడు నాలుగు సార్లు తలుచుకున్నాడు, ఎంత బాగా వచ్చిందో అని. ఇంటికెళ్ళి నాన్నకి చెప్పాడు, శుక్రవారం చూపిస్తాను చూడు అని. ఆయన సరే అన్నారు, కోచింగ్‌లో చేరే దరఖాస్తు కాగితం మాత్రం బల్ల మీంచి తియ్యలేదు.

మూడో రోజు వాడి చెవికి రెక్కలొచ్చాయి. మూడో నాబ్ ఇంకో గీత, అయిదోది ఇంకో రెండు. డప్పులో పొట్ట, అంటే లావు మోత, కొంచెం ఎక్కువుందనిపించి ఒకటో నాబ్ కూడా దించాడు. తిప్పినకొద్దీ పాట వాడికి వంగి దండం పెడుతున్నట్టే ఉంది. ఆరోజు సన్యాసిరావు గారు మిక్సీ తెచ్చారు. మేడమ్ గారు లేరా అంటే, ఇప్పుడు నేనే చూస్తున్నానండీ అన్నాడు మెహర్. ఆయన మిక్సీ వాడి చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. వాడు దాన్ని మూల పెట్టి మళ్ళీ పాటలో పడ్డాడు.

నాలుగో రోజు, బుధవారం, మూడు గంటలప్పుడు. ఆఖరిసారి వింటున్నాడు. పాట సగంలో ఉంది, టీ గ్లాసు అందుకోబోయాడు, మోచెయ్యి వెళ్ళి అయిదో నాబ్‌కి తగిలింది. అది జర్రున ఆ చివరికంటా తిరిగిపోయింది. మామూలుగా ఆ నాబ్ అంత తిప్పితే పాట కుక్కర్ విజిల్‌లా అరవాలి, చెవులు మూసుకోవాలి. మెహర్ భుజాలు పైకి లాక్కున్నాడు, వచ్చే మోతకి సిద్ధమై. ఏమీ రాలేదు. చక్రం ఎప్పట్లాగే కీచుమంటోంది, డప్పు ఎప్పట్లాగే నడుస్తోంది. వాడు గ్లాసు కింద పెట్టి ఆ నాబ్‌ని ఈ చివరికి తిప్పాడు. ఏమీ లేదు. మూడోది తిప్పాడు. ఒకటోది తిప్పాడు. ఆరూ తిప్పాడు. పాట తన దారిన తను వెళ్ళిపోతోంది. అప్పుడు చెయ్యి పెట్టె వెనక్కి వెళ్ళింది. స్విచ్ పైకి ఉంది.

నాలుగు రోజుల నించీ పాట ఆ పెట్టెని ముట్టుకోలేదు. మరి ఆ బురద? ఆ మెరుపు? టెక్కలి ఆకాశంలో విడిపోయిన మబ్బు? వాడు చాలాసేపు ఆ స్విచ్ మీద వేలు పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత, ఎలాగూ పెన్సిల్ రాతలున్నాయి కదా, రాసుకున్న గీతలన్నీ అచ్చంగా పెట్టి, స్విచ్ కిందికి నొక్కాడు. నిజంగా తను చేసిన పని ఎలా ఉందో మొదటిసారి విన్నాడు. చక్రం సూదిలా చెవిలో దిగింది. డప్పు ఖాళీ డబ్బాలా అయిపోయింది. పాట మధ్యలో మనిషి ఉండాల్సిన చోట గుంట పడింది. అంటే ఏమీ మారట్లేదు కాబట్టి, వీడు ఇంకొంచెం ఇంకొంచెం అంటూ తిప్పుకుంటూ పోయాడన్నమాట. ఈ స్విచ్ సరిగ్గా ఉండుంటే ఆ పాటని చేతులారా చంపేసుండేవాడు. వెంటనే పైకి కొట్టేశాడు. పాట మళ్ళీ ఊపిరి పీల్చుకుంది.

ఇప్పుడు అసలు సంగతి ఆలోచించండి. ఎవరికీ తెలీదు. ఢిల్లీశ్వరికి పాట నచ్చేసింది. ఉన్నదున్నట్టు పంపేస్తే చాలు, ఆమెకి సంతోషం, అక్కకి సంతోషం, గురువారం అట్ట మీద మాస్టరింగ్ పక్కన మెహర్ అని అచ్చవుతుంది, శుక్రవారం నాన్న బల్ల మీంచి ఆ కాగితం లేస్తుంది. ఇందులో అబద్ధం కూడా పెద్దగా లేదు, పాట బాగానే ఉంది కదా. వాడు ఫైలు పేరు కూడా టైపు చేశాడు, చివర ఫైనల్ అని. పంపే బటన్ మీద వేలుంది. అక్కడే వాడికి నూకరత్నం ఫోన్‌లో చెప్పే ఆ మాట గుర్తొచ్చింది, మీ పాట బాగానే ఉందండీ, దీనికి నా అవసరం లేదు అని. పదకొండు నెలల్లో ఎన్నోసార్లు విన్నాడు. వినేటప్పుడల్లా సులువైన మాటే అనుకున్నాడు. ఇప్పుడు తన నోటి దాకా తెచ్చుకుంటే తెలిసింది, ఎంత బరువుందో.

ఫోన్ చేశాడు. ఢిల్లీశ్వరి వార్డులోనే ఉంది, ఒక్క నిమిషం అని వరండాలోకి వచ్చింది. మెహర్ గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. పెట్టె ఆఫ్‌లో ఉందండీ, నేను ఏమీ చెయ్యలేదు, మొన్న మీకు పంపింది మీరు నాకు పంపిందే, అట్ట మీద నా పేరు తీసెయ్యండి.

“మరి నాకెందుకు అంత బాగా వినపడింది?”

“నాకూ వినపడిందండీ.”

ఆమెకి ముందు కోపమొచ్చింది. వార్డు వార్డంతా చెప్పుకున్నానయ్యా, హెడ్ నర్సు గారు కూడా తేడా తెలుస్తోందన్నారు, ఇప్పుడు ఆవిడ మొహం ఎలగ చూడాలి అంది. తర్వాత హెడ్ నర్సు మొహం ఊహించుకుందో ఏమో, నవ్వాపుకోలేకపోయింది. నవ్వి నవ్వి, అయితే ఈ నాలుగు రోజులూ ఏటి చేశావు అని అడిగింది. విన్నాను అన్నాడు వాడు. ఎన్నిసార్లు అంది. విన్నప్పుడల్లా నోటుబుక్కు చివర పెట్టుకున్న గీతలు లెక్కపెట్టి, నూట పన్నెండు అన్నాడు. ఆమె గొంతు మారింది. ఏం విన్నావో చెప్పు అంది. పంపినవాళ్ళు ఇలా అడగడం వాడికి కొత్త. కళ్ళు మూసుకుని చెప్పుకుంటూ పోయాడు. మూడో నిమిషం దాటాక చక్రం ఒక్క అర క్షణం ఆగుతుంది, అక్కడ ఎవరో దూరంగా దగ్గుతారు, మళ్ళీ చక్రం కదిలేదాకా ట్రాలీ తోసే మనిషి ఆ దగ్గు వైపు చూస్తున్నట్టే ఉంటుంది, మొదట్లో అది తప్పనుకుని తీసెయ్యాలనుకున్నాను, ఎనభయ్యోసారికి అదే పాట అనిపించింది అన్నాడు. ఆ దగ్గు ఉంచాలా తియ్యాలా అని నెల రోజులు తేల్చుకోలేకపోయాను అంది ఢిల్లీశ్వరి మెల్లగా. ఇంక తియ్యనులే. పాట అలాగే పంపు. పేరు సంగతి నాను చూసుకుంటాను. వార్డులో ఎవరో పిలిస్తే పెట్టేసింది.

ఇక మిగిలింది డాబా మెట్లు. పదహారున్నాయి, మెహర్ వాటిని ఎక్కడానికి చాలాసేపు తీసుకున్నాడు. పైన నూకరత్నం నీడలో పీట వేసుకుని, ఏదో సర్క్యూట్‌కి టంకం పెడుతోంది. వీడు నిలబడే అంతా చెప్పాడు, బురద దగ్గర్నించి దగ్గు దాకా. తిడుతుందనుకున్నాడు. కనీసం నవ్వుతుందనుకున్నాడు. ఆవిడ టంకం చల్లారేదాకా ఊది, ఒక్కటే అడిగింది.

“మోచెయ్యి తగలకపోతే?”

పంపేసేవాణ్ణక్కా, అన్నాడు వాడు. అక్కడ అబద్ధమాడితే బాగుండేది కానీ ఆవిడ ముందు రాదు. ఆవిడ తలూపి కిందికి దిగింది. తువ్వాలు సరిచేసి కుర్చీలో కూర్చుంది. నాబ్‌లన్నీ సున్నాకి తెచ్చి, రెండోదాన్ని వెంట్రుక వాసి కదిపింది. కళ్ళు మూసుకుంది. చెయ్యి వెనక్కి వెళ్ళింది, టకటకా ఇరవై సార్ల దాకా. మెహర్ పదకొండు నెలల్లో మొదటిసారి ఆ చప్పుడుకి నవ్వుకోలేదు, ఒక్కోటీ లెక్కపెట్టాడు. ఆవిడ పాట మొత్తం విన్నది, మళ్ళీ కొట్టింది, మళ్ళీ విన్నది. దగ్గు దగ్గర ఆవిడ బొటనవేలు ఒకసారి ఆగింది. అయిదుసార్లు అలా విని, రెండో నాబ్‌ని మళ్ళీ సున్నాకి తిప్పేసింది. బాగుంది, పంపేయ్ అంది. ముప్ఫై ఏళ్ళ చెవి, అయిదు నిమిషాల పాట, అయిదుసార్లు వినడం, అన్నీ అయ్యాక చేసిన పని సున్నా. మెహర్‌కి ఆ సున్నాని చూస్తే కాళ్ళకి దండం పెట్టాలనిపించింది. పెట్టలేదు, ఆవిడకి అలాంటివి పడవు. మూలనున్న మిక్సీ ఆవిడ కంట పడింది. ఇదెప్పుడొచ్చింది, పాపం ఆయన ఇంట్లో చట్నీ లేకుండా మూడు పూటలై ఉంటాది, అని స్క్రూడ్రైవర్ వాడి చేతికిచ్చింది. ఇద్దరూ కలిసి బాగుచేశారు. అదొక్కటే ఆ వారం మెహర్ నిజంగా బాగుచేసింది.

గురువారం సాయంత్రం ఢిల్లీశ్వరి అట్ట నమూనా పంపింది. ట్రాలీ చక్రం బొమ్మ, కింద చిన్న అక్షరాలు. మాస్టరింగ్ అన్న మాట తీసేసింది. ఆ చోట ‘విన్నది: మెహర్’ అని వేసింది. మెహర్ దాన్ని చాలాసార్లు చదివాడు, ఎక్కడా తప్పు కనపడలేదు. ఇంటికెళ్ళి ఆ ఫోన్ నాన్న చేతిలో పెట్టాడు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చూసి, వినడానిక్కూడా పేరేస్తార్రా అన్నారు. వేస్తారు నాన్నా, అన్నాడు వాడు, ఈసారి గొంతు బరువు చెయ్యకుండా. ఆయన పట్టాల మీద సుత్తి కొట్టి చప్పుడు బట్టి బోల్టు వదులో బిగువో చెప్పే మనిషి. ఆ పనికి ఆయన పేరు ఎవరూ ఎక్కడా వెయ్యలేదు. బల్ల మీది కోచింగ్ కాగితం తీసి, దాని వెనకాల తెల్లగా ఉన్న వైపు ఏదో సామాన్ల చీటీ రాసుకున్నారు.

శుక్రవారం మధ్యాహ్నం మెహర్ గదికొచ్చాడు. నీళ్ళ గిన్నెలు నింపాడు. నూకరత్నం ఇంకో పాట ముగించి, స్విచ్ టకటకలాడించి, తేల్చుకుని, చెయ్యి ముందుకి తీసుకుంది. అప్పుడు వాడికి తట్టింది. ఆ రోజు తన చేతికి ట్రాలీ ఇచ్చే ముందు కూడా ఆవిడ సరిగ్గా ఇలాగే చేసింది కదా. ఇలాగే పెట్టె మీద చెయ్యేసి, తన ప్రశ్న వినీ కాసేపు ఊరుకుంది కదా. అడగాలా వద్దా అనుకుంటూనే అడిగేశాడు. అక్కా, నిజం చెప్పు, ఆ రోజు స్విచ్ కావాలనే పైకి పెట్టి వెళ్ళావు కదూ, అని.

ఆవిడ తెర మీది తువ్వాలు తీసి మడత పెట్టింది. వాడి మొహం వైపు చూసింది, అందులో కోపమూ లేదు, దాపరికమూ లేదు.

“ఎటు వదిలేశానో నాకు తెలీదురా. తెలిస్తే ఇంక వినడం దేనికి?”

దానికి మెహర్ ఏమన్నాడంటే... అబ్బా, ఒక్క నిమిషం ఉండండి, మా ఇంటి కింద గ్యాస్ బండ వచ్చిందంట, మా అమ్మ నన్ను పిలుస్తోంది, వస్తున్నానమ్మా...